బోటు 1800 ఆర్‌పీఎం దగ్గర విపరీతంగా అదురుతోంది: ప్రొపెల్లరా, షాఫ్టా, ఇంజినా?

భవానీపురం_రేవు:
అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల ఫైబర్ బోటు. లోపల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, గేర్‌బాక్స్ రేషియో 2:1, షాఫ్ట్ 40 మిల్లీమీటర్లు, మూడు రెక్కల గన్‌మెటల్ ప్రొపెల్లర్, 17 అంగుళాలది. వరదలు తగ్గాక భవానీ ద్వీపం పైవైపు ఇసుక మేట మీదికి ఎక్కేసింది, పాత ప్రొపెల్లర్ రెక్క ఒకటి మడత పడింది. ఒడ్డుకి లాగించి ఒక మెకానిక్ చేత కొత్త ప్రొపెల్లర్ వేయించాం, ఇంజిన్ కింద రబ్బరు మౌంటింగ్‌లు కూడా పాతబడ్డాయంటే నాలుగూ మార్పించాం, గేర్‌బాక్స్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ సెట్ చేశానన్నాడు. నీళ్ళలోకి దించిన రోజు నుంచీ ఇదే గోల. 1400 దాటగానే అదురు మొదలవుతుంది, 1800 దగ్గర ఎంత అంటే వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు లేచి ముందుకు వచ్చేస్తున్నారు, 2200 దాటితే కొంచెం తగ్గినట్టు ఉంటుంది. మెకానిక్‌ని అడిగితే ప్రొపెల్లర్ బ్యాలెన్స్ లేదు ఇంకోటి కొనండి అంటున్నాడు. కొత్తదాని మీద పెట్టిన డబ్బే ఇంకా తేరలేదు. కొనే ముందు అసలు రోగం ఎక్కడుందో తెలుసుకోవాలని ఉంది, తెలిసినవాళ్ళు దారి చెప్పండి.

కృష్ణా_అలలు:
అన్నా, ముందు రెక్కలకి ఏమైనా చుట్టుకుందేమో చూశారా? రేవుల దగ్గర చీరలు, దండలు, నైలాన్ వల ముక్కలు ఎన్ని ఉంటాయో మీకు తెలియంది కాదు. గుర్రపుడెక్క వేరు ఒక గుత్తి చిక్కుకున్నా బోటు అదురుతుంది. వెనక్కి గేరు వేసి రెండు సార్లు రేజ్ చేస్తే ఆకు అయితే ఊడిపోతుంది కానీ నైలాన్ దారం ఊడదు, మనిషి దిగి కోయాల్సిందే. దిగేటప్పుడు ఇంజిన్ ఆపి తాళం చెవి దిగేవాడి జేబులోనే ఉండాలి.

భవానీపురం_రేవు:
మా వాడు దిగి చూశాడు, ఏమీ చుట్టుకోలేదు. రెక్కలు చేత్తో తడిమితే కూడా బాగానే ఉన్నాయట.

స్పీడ్_40హెచ్‌పీ:
స్టీల్ ప్రొపెల్లర్ వేయండి బ్రదర్, ఇసుక తగిలినా వంగదు, పని అయిపోతుంది.

సరంగు_బాబాయ్:
స్టీలు రెక్క వంగదు, నిజమే బాబూ. ఆ దెబ్బ ఎక్కడికో ఒక చోటికి పోవాలిగా, అది షాఫ్ట్ మీదికో గేర్‌బాక్స్ పళ్ళ మీదికో పోతుంది. కృష్ణలో ఇసుక ప్రతి వరదకీ చోటు మారుస్తుంది. బ్యారేజీ దగ్గర మట్టం 12 అడుగులు ఉన్నప్పుడు హాయిగా పోయిన దారిలోనే మట్టం కాస్త తగ్గితే మేట తగులుతుంది. అలాంటి నదిలో రెక్క వంగడమే నయం, గేర్‌బాక్స్ బతుకుతుంది.

ఇక భవానీపురం బాబుకి. ఏదీ కొనొద్దు, ఏదీ ఊడదీయొద్దు. ముందు ఒక పని చెయ్యి. రేవులో గట్టిగా కట్టేసి న్యూట్రల్‌లో 1400 నుంచి 2200 దాకా నిదానంగా పెంచుకుంటూ పో. అప్పుడు కూడా ఇదే అదురు ఉంటే నీ ప్రొపెల్లర్‌కీ షాఫ్ట్‌కీ సంబంధం లేదు, ఇంజినో మౌంటింగో చూసుకోవాలి. న్యూట్రల్‌లో నున్నగా ఉండి గేరు పడ్డాకే వస్తే గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెతకాలి. ఇదొక్కటి చేసి చెప్పు, మిగతాది తర్వాత మాట్లాడదాం. ఇంకో మాట, ఇది తేలే వరకూ జనాన్ని ఎక్కించుకోకు. షాఫ్ట్ వణుకుతుంటే గ్లాండు, అంటే షాఫ్ట్ బయటికి పోయే చోట నీళ్ళని ఆపే ప్యాకింగ్, వదులవుతుంది, నీళ్ళు లోపలికి వస్తాయి. 2017 నవంబర్‌లో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడ్డప్పుడు కారణాలు వేరు, అయినా ఆ రోజు ఒడ్డున ఏడ్పులు విన్నవాళ్ళెవరూ ఈ నది మీద ‘చూద్దాంలే’ అనుకోకూడదు.

భవానీపురం_రేవు:
బాబాయ్ గారూ, చేశాను. న్యూట్రల్‌లో 2200 దాకా ఏమీ లేదు, గ్లాసులో నీళ్ళు పెట్టినా తొణకలేదు. బోటు కట్టేసి ఉండగానే ముందు గేరు వేసి 1200 దాకా పెంచాం, కొంచెం తెలుస్తోంది. అంతకంటే పెంచితే తాళ్ళు ఆగేలా లేవని ఆపేశాం. జనాన్ని ఎక్కించడం మానేశాం, బోటు రేవులోనే ఉంది.

గుంటూరు_స్పిన్నింగ్:
నేను బోట్ల మనిషిని కాదు, గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చేస్తాను, రోజంతా ఫ్యాన్ల, మోటార్ల అదురుతోనే పని. తిరిగే యంత్రం ఏదైనా లెక్క ఒకటే కాబట్టి చెబుతున్నాను. అదురు ఎంత ఉందన్నదాని కంటే క్షణానికి, అంటే సెకనుకి, ఎన్ని సార్లు వస్తోందన్నది ముందు తెలుసుకోండి. మీ లెక్క ఇలా ఉంటుంది: ఇంజిన్ 1800 అంటే క్షణానికి 30 చుట్లు. 2:1 గేర్‌బాక్స్ తర్వాత షాఫ్ట్ 900, అంటే క్షణానికి 15. మూడు రెక్కలు కాబట్టి రెక్కలు నీటిని కొట్టేది క్షణానికి 45 సార్లు. అదురు 15 దగ్గర కనపడితే షాఫ్ట్‌తో పాటు తిరిగేది ఏదో సరిగ్గా లేదు: వంగిన షాఫ్ట్, బ్యాలెన్స్ లేని ప్రొపెల్లర్, వంకరగా కూర్చున్న కప్లింగ్, వీటిలో ఒకటి. 45 దగ్గర ఉంటే రెక్కకీ బోటు అడుగుకీ మధ్య ఖాళీ చాలకపోవడమో, రెక్కల మీదికి నీళ్ళు సరిగ్గా రాకపోవడమో. 30 అయితే ఇంజిన్ వైపు చూడాలి.

ఫోన్లో అదురు కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి, చాలు. ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు, షాఫ్ట్ పైన ఫ్లోర్ మీద డబుల్ టేప్‌తో గట్టిగా అంటించండి. చాలా ఫోన్ల సెన్సర్ క్షణానికి వందసార్లు చదువుతుంది, అంటే 50 పైన చూపించేవి నమ్మొద్దు. 45 అంచు మీద ఉంది కాబట్టి జాగ్రత్త. 15 మాత్రం స్పష్టంగా వస్తుంది. ఒక్క వేగం దగ్గర కాదు, 1500, 1600, 1800, 2000 నాలుగు చోట్లా తీయండి. యాప్ గ్రాఫ్‌లో శిఖరం వేగంతో పాటు జరుగుతుందా, ఒకే చోట నిలబడుతుందా అన్నది ముఖ్యం.

భవానీపురం_రేవు:
నిన్న సాయంత్రం నేనూ తమ్ముడూ ఇద్దరమే వెళ్ళి తీశాం. 1500 దగ్గర 12.5, 1600 దగ్గర 13.3, 1800 దగ్గర 15, 2000 దగ్గర 16.6. 1800 దగ్గరే శిఖరం అన్నిటికంటే ఎత్తు. 45 దగ్గర చిన్నది ఉంది కానీ దీని ముందు ఏమీ కాదు. అంటే మెకానిక్ చెప్పింది నిజమేనా, ప్రొపెల్లరేనా?

గుంటూరు_స్పిన్నింగ్:
ఇంత శుభ్రమైన లెక్కలు మా మిల్లులో కూడా అరుదుగా వస్తాయి, చాలా బాగా తీశారు. శిఖరం షాఫ్ట్ వేగంతో పాటు కచ్చితంగా జరుగుతోంది. 1800 దగ్గర పెద్దదవడానికి కారణం బహుశా కొత్త రబ్బరు మౌంటింగ్‌ల మీద ఇంజిన్ సహజంగా ఊగే వేగం ఆ 15 దగ్గరే ఉండి ఉండొచ్చు, అందుకే 2200 దాటితే తగ్గుతోంది. మౌంటింగ్ దాన్ని పెంచుతోంది, పుట్టేది వేరే చోట. ప్రొపెల్లర్ అని మాత్రం అప్పుడే తీర్పు చెప్పొద్దు, షాఫ్ట్‌తో తిరిగేవి ఇంకా ఉన్నాయి.

బందరు_డీజిల్:
గుంటూరు అన్న చెప్పింది బాగుంది కానీ ఒక చిక్కు ఉంది. మీ గేర్‌బాక్స్ 2:1. నాలుగు స్ట్రోకుల ఇంజిన్లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి మండుతుంది. ఒక ఇంజెక్టర్ సరిగ్గా కొట్టకపోతే వచ్చే కుదుపు ఇంజిన్ వేగంలో సగం దగ్గర కనపడుతుంది. 1800లో సగం 900, అంటే అదీ క్షణానికి 15! షాఫ్ట్ అదురూ, ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడమూ మీ బోట్లో యాప్ మీద ఒకే చోట కూర్చుంటాయి. న్యూట్రల్‌లో నున్నగా ఉంది కదా అనొచ్చు, కానీ కొన్ని ఇంజెక్టర్లు లోడు పడ్డాకే తేడా చూపిస్తాయి. మచిలీపట్నం గిలకలదిండి హార్బర్లో ఇలాంటిది నేను కళ్ళారా చూశాను, షాఫ్ట్ అంతా ఊడదీశాక ఇంజెక్టర్ అని తేలింది. మీది అదే అనడం లేదు. ఊడదీసే ముందు పది నిమిషాల పని ఒకటి చేయమంటున్నాను. కట్టేసి గేరులో 1100 దగ్గర ఉంచి ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేయండి. ప్రతి సిలిండర్‌కీ ఇంజిన్ వేగం ఒకేలా దిగాలి. ఏదో ఒకటి వదులు చేసినా ఇంజిన్‌లో మార్పు రాకపోతే దొంగ వాడే. డీజిల్ చిమ్ముతుంది, గుడ్డ చుట్టి కళ్ళకి అద్దాలు పెట్టుకునే చేయండి, ఆ చిమ్మే చోట చెయ్యి అస్సలు పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.

గుంటూరు_స్పిన్నింగ్:
ఇది నాకు తట్టలేదు, మా దగ్గర మోటార్లు కదా. చాలా మంచి పాయింట్ అన్నా.

తాడేపల్లి_చేపలవేట:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది చిన్న బోటు, 40 హెచ్‌పీ అవుట్‌బోర్డ్. కొన్నాళ్ళుగా కొత్త అదురు, పైగా థ్రాటిల్ గట్టిగా ఇస్తే ఇంజిన్ అరుస్తుంది, బోటు మాత్రం ముందుకు పోదు. దీనికీ ఇదే లెక్కా?

సరంగు_బాబాయ్:
నీది వేరే జబ్బు తమ్ముడూ, రెండు ఉన్నట్టున్నాయి. అవుట్‌బోర్డ్ ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది, గట్టి దెబ్బ తగిలితే గేర్లు పోకుండా ఆ రబ్బరు జారాలని పెడతారు. అది ఒకసారి జారడం మొదలెడితే లోడు పడ్డప్పుడల్లా జారుతుంది. ప్రొపెల్లర్ వెనక నుంచి చూసి లోపలి బుష్ మీద నుంచి బయటి హబ్ మీదికి పెయింట్‌తో ఒక అడ్డగీత గియ్యి. గట్టిగా ఒక రౌండు కొట్టి వచ్చి చూడు. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే బుష్ పోయినట్టే. దాన్ని ప్రెస్ మీద కొత్తది ఎక్కించొచ్చు, ప్రొపెల్లర్ మొత్తం పారేయక్కర్లేదు.

రెండోది, నువ్వు వలల మధ్య తిరిగేవాడివి కాబట్టి ప్రొపెల్లర్ తీసి దాని వెనక షాఫ్ట్ చుట్టూ చూడు. సన్నటి నైలాన్ దారం సీలులోకి కోసుకుపోయి ఉంటుంది. గేర్ ఆయిల్ కింది ప్లగ్ కొద్దిగా విప్పి చూస్తే పాల రంగులో వస్తే నీళ్ళు దిగినట్టు, అలా నడిపితే బేరింగులు పోతాయి, అదురు అక్కడి నుంచీ వస్తుంది. ప్లగ్‌కి అంటుకున్న ఇనుప పొడి సన్నగా బూడిదలా ఉంటే ఫర్వాలేదు, చెక్కలు చెక్కలుగా ఉంటే విప్పాల్సిందే.

కృష్ణా_అలలు:
తాడేపల్లి అన్నా, రెక్క వంగిందో లేదో చూడ్డానికి ఒక తేలిక పని: ఒక కర్రని స్టాండ్‌కి కట్టి దాని కొస రెక్క కొసకి దాదాపు తగిలేలా పెట్టి చేత్తో నిదానంగా తిప్పండి. మూడు రెక్కలూ ఒకే సందుతో పోవాలి. తిప్పే ముందు స్పార్క్ ప్లగ్ వైర్లు తీసేయండి, ఎక్కడైనా అంటుకుంటే వేళ్ళు పోతాయి.

భవానీపురం_రేవు:
ఇంజెక్టర్ పరీక్ష చేశాం, పక్కన తెలిసిన డీజిల్ మెకానిక్‌ని పెట్టుకునే. నాలుగిటికీ ఇంజిన్ ఒకేలా దిగింది. అంటే ఇంజిన్ మంచిదే. ఇప్పుడు కప్లింగ్ ఊడదీయాలా?

ఆటోనగర్_లేత్:
ఇప్పుడు నేను రావొచ్చు. జవహర్ ఆటోనగర్లో మాది లేత్ షాపు, లారీ జాయింట్ షాఫ్టులు, క్రాంకులు, అప్పుడప్పుడు పంపు షాఫ్టులూ బోటు షాఫ్టులూ వస్తాయి. ముందు ఒక ప్రశ్న. మీ మెకానిక్ కప్లింగ్ ఎక్కడ సెట్ చేశాడు, ఒడ్డు మీదా నీళ్ళలోనా?

భవానీపురం_రేవు:
ఒడ్డు మీద, చెక్క దిమ్మెల మీద నిలబెట్టినప్పుడే.

ఆటోనగర్_లేత్:
అనుకున్నాను. ఫైబర్ బోటు దిమ్మెల మీద ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్ళలో ఇంకో ఆకారంలో ఉంటుంది. పైగా కొత్త రబ్బర్లు బరువుకి కొన్నాళ్ళు కిందికి దిగుతాయి. అందుకే కప్లింగ్ నీళ్ళలోనే చూడాలి, అదీ దించిన గంటకి కాదు, ఒకటి రెండు రోజులు నిలిచాక, డీజిల్ ట్యాంకు మామూలుగా ఉండే లెవల్లో పెట్టుకుని. బోల్టులు తీశాక షాఫ్ట్ తన బరువుకి కిందికి వాలుతుంది, దాని కింద చెక్క పెట్టి మధ్యకి ఎత్తి ఉంచాలి, లేకపోతే తప్పుడు కొలత వస్తుంది. కప్లింగ్‌లో ఎదురెదురుగా ఉండే రెండు బిళ్ళల్ని, అంటే ఫ్లాంజులనీ, దగ్గరికి తెచ్చి ఫిల్లర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచటి రేకులు) పైన, కింద, కుడి, ఎడమ సందు కొలవండి. ఫ్లాంజ్ వ్యాసం ఒక్కో అంగుళానికీ ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున తేడా దాకా ఒప్పుకుంటారు, మీది 5 అంగుళాలైతే 5 థౌ, అంటే 0.13 మిల్లీమీటరు లోపల ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం, ఇది చాలామంది చేయరు. ఎక్కువ సందు ఉన్న చోట మార్కర్‌తో గుర్తు పెట్టండి. గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌ని కదపకుండా షాఫ్ట్ ఫ్లాంజ్‌ని మాత్రమే పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలవండి. సందు ఉన్న చోటే ఉంటే ఇంజిన్ వంకరగా ఉంది, మౌంటింగ్ నట్లతో సరిచేయొచ్చు. సందు షాఫ్ట్‌తో పాటు తిరిగితే ఇంజిన్‌ని ఎంత జరిపినా లాభం లేదు, షాఫ్ట్ వంగింది లేదా ఫ్లాంజ్ ముఖం షాఫ్ట్‌కి నిటారుగా లేదు, అది లేత్ పని.

భవానీపురం_రేవు:
ఆదివారం పొద్దంతా దీనితోనే సరిపోయింది. కింద 22 థౌ, పైన దాదాపు ఏమీ లేదు. షాఫ్ట్ ఫ్లాంజ్ పావు చుట్టు తిప్పినా, సగం తిప్పినా సందు కిందే ఉంది, ఒకటి రెండు థౌ తేడాతో. ముందు మౌంటింగ్ నట్లు తిప్పి తిప్పి 4 థౌకి తెచ్చాం. బోల్టులు బిగించి ఒక రౌండు వేశాం. గేర్‌బాక్స్ దగ్గర గుర్రుమనే చప్పుడు పోయింది, గ్లాండు వేడెక్కడం తగ్గింది. కానీ అదురు ఉంది అన్నా. తగ్గింది, పావు వంతు తగ్గిందేమో. 15 అలాగే కూర్చుంది. నిజంగా నిరాశగా ఉంది, ఆ 22 చూసినప్పుడు దొరికిపోయిందనే అనుకున్నాం.

గుంటూరు_స్పిన్నింగ్:
నిరాశ పడకండి, ఇది ఊహించేదే. ఇంజిన్ వంకర నిలకడగా ఒకే దిక్కులో ఉండే తప్పు, షాఫ్ట్‌తో తిరగదు. అది బేరింగ్‌ని అరగదీస్తుంది, వేడి పుట్టిస్తుంది, చప్పుడు చేస్తుంది. చుట్టుకి ఒకసారి వచ్చే శుభ్రమైన 15ని మాత్రం అదొక్కటే పుట్టించదు. షాఫ్ట్‌తో పాటు తిరిగే తప్పు ఇంకోటి ఉంది. ఫ్లాంజ్ పరీక్షలో సందు తిరగలేదు కాబట్టి ఈ చివర షాఫ్ట్ బాగుంది. ఆ చివర చూడాలి.

బందరు_డీజిల్:
ఆ చివర అంటే మూడే: వెనక షాఫ్ట్‌ని మోసే కట్‌లెస్ బేరింగ్, షాఫ్ట్ వెనక భాగం, ప్రొపెల్లర్ కూర్చున్న తీరు. ఒడ్డుకి లాగాల్సిందే. లాగే ముందు ఒకటి చూసుకోండి, ఎవరైనా స్టీరింగ్ పట్టుకుంటే మీరు టార్చ్ వేసి గ్లాండు దగ్గర షాఫ్ట్‌ని చూడండి, 1500 దగ్గర. గ్లాండు రబ్బరు గొట్టం తల ఊపుతుంటే షాఫ్ట్ లోపల కొరడాలా తిరుగుతున్నట్టు. లుంగీ, కండువా, వేలాడే దారం ఏదీ ఒంటి మీద ఉండకూడదు, షాఫ్ట్ పట్టిందంటే వదలదు.

సరంగు_బాబాయ్:
కట్‌లెస్ బేరింగ్ సంగతి నేను చెబుతాను. ఇత్తడి గొట్టంలో రబ్బరు, రబ్బరులో పొడవునా గాడులు, ఆ గాడుల్లోంచి పోయే నీళ్ళే దానికి ఆయిల్. మన నదిలో ఆ నీళ్ళతో ఇసుక కూడా పోతుంది. ఒడ్డుకెక్కాక ప్రొపెల్లర్‌ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఎత్తి చూడు. కాస్త కదలిక ఉండాలి, లేకపోతే నీళ్ళు పోవు. టక్ టక్ మని కొట్టుకుంటే పోయింది. బయటికి తీశాక అరుగుడు ఎక్కడ ఉందో చూడు: వెనక కింద, ముందు పైన ఇలా ఎదురెదురుగా అరిగితే ఇంజిన్ వంకరగా నడిచినట్టు, చుట్టూ సమానంగా అరిగితే షాఫ్ట్ ఊగినట్టు. కొత్త బేరింగ్ వేసేటప్పుడు సుత్తితో కొట్టనివ్వకు, లాగే బోల్టుతో ఎక్కించాలి. గ్రీజు, ఆయిల్ రాయకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీళ్ళు చాలు.

ఆటోనగర్_లేత్:
ఒడ్డుకెక్కాక ప్రొపెల్లర్ తీసే ముందు షాఫ్ట్ మీద హబ్ ముందు అంచు ఎక్కడ ఆగిందో గీత గీయండి. తర్వాత ప్రొపెల్లర్ తీసి, కీ (షాఫ్ట్‌కీ హబ్‌కీ మధ్య గాడిలో కూర్చునే లోహపు ముక్క) తీసేసి, ఒట్టి టేపర్ (షాఫ్ట్ సన్నబడే కొస) మీద ప్రొపెల్లర్ ఎక్కించి చేత్తో గట్టిగా నెట్టి మళ్ళీ గీత గీయండి. ఆ రెండు గీతలూ ఒకే చోట ఉండాలి. కీ లేకుండా ప్రొపెల్లర్ ఇంకా ముందుకు వెళ్ళిందంటే, కీ ఎత్తు ఎక్కువై హబ్ కీ నెత్తి మీద కూర్చుంది, టేపర్ మీద కూర్చోలేదు. 1:10 టేపర్ మీద కీ 0.2 మిల్లీమీటరు ఎక్కువ ఎత్తుంటే హబ్ సుమారు 4 మిల్లీమీటర్లు వెనకే ఆగిపోతుంది. నట్టు ఎంత బిగించినా చేతికి గట్టిగానే అనిపిస్తుంది, కానీ ఒక పక్క ఎత్తి ఒక పక్క దిగి ఉంటుంది. కొత్త ప్రొపెల్లర్‌కి పాత కీ వాడినచోట, లేదా బజార్లో దొరికిన కీ ముక్క కోసి కొట్టినచోట ఇది నేను తరచుగా చూస్తుంటాను. అదురు మొదలైంది కొత్త ప్రొపెల్లర్ వేసిన రోజే కాబట్టి నా అనుమానం మొదటి నుంచీ దీని మీదే. ముందే చెబితే తేలికైనవన్నీ వదిలేసి ఒడ్డుకి లాగించేవారు, ఆ ఖర్చు చిన్నది కాదని ఆగాను.

స్పీడ్_40హెచ్‌పీ:
కొత్త ప్రొపెల్లర్ బ్యాలెన్స్ కూడా చేయించేస్తే పోలా, ఎలాగూ తీస్తున్నారుగా.

ఆటోనగర్_లేత్:
చేయించొచ్చు. కానీ ఊరికే బరువు తూచి గ్రైండింగ్ చేస్తే సరిపోదు. మూడు రెక్కల పిచ్, అంటే రెక్క వాలు, ఒకేలా లేకపోతే గాల్లో బ్యాలెన్స్ అయిన ప్రొపెల్లర్ కూడా నీళ్ళలో అదురుతుంది, ఒక రెక్క ఎక్కువ నెడుతుంది కాబట్టి. పెద్ద ప్రొపెల్లర్లకి ఐఎస్‌ఓ 484 అనే ప్రమాణంలో పిచ్ తేడాలని బట్టి ఎస్, 1, 2, 3 అని తరగతులు పెట్టింది అందుకే. బరువు తగ్గించేటప్పుడు కూడా రెక్క వెనక వీపు మీద పలుచగా విస్తరించి తీయాలి, అంచు కోసేస్తే రెక్క ఆకారం పోతుంది. మొదట కూర్చోబెట్టడం చూడండి, అది సరిగా ఉంటే బ్యాలెన్స్ సంగతి తర్వాత.

భవానీపురం_రేవు:
దొరికింది. లాగించాం. ఆటోనగర్ అన్న చెప్పినట్టే గీతలు గీశాం, కీ తీసేసి నెడితే ప్రొపెల్లర్ మూడున్నర మిల్లీమీటర్లు ముందుకు పోయింది! కీ నెత్తి మీద నల్లగా మెరిసే మచ్చ, హబ్ గాడి లోపల అదే చోట రుద్దుకున్న గుర్తు. టేపర్ మీద బ్లూ (ఎక్కడ తగులుతోందో చూపే రంగు) రాసి చూస్తే ఒక వైపు మాత్రమే అంటింది. కీ పెట్టి బిగించినప్పుడు రెక్కల కొసల దగ్గర కర్రతో చూస్తే దాదాపు రెండు మిల్లీమీటర్ల తేడా, కీ లేకుండా చూస్తే తేడానే కనపడలేదు.

కట్‌లెస్ బేరింగ్ కూడా చుట్టూ సమానంగా అరిగి ఉంది బాబాయ్ గారూ, టక్ టక్ మంటోంది. షాఫ్ట్ తీసి ఆటోనగర్ పంపాం, వీ-బ్లాకుల మీద 3 థౌ లోపలే ఉందట, అంటే ఇసుక దెబ్బకి షాఫ్ట్ వంగలేదు. ఇంకో ప్రొపెల్లర్ కొని ఉంటే అదే కీ మీద కూర్చోబెట్టేవాళ్ళు.

ఆటోనగర్_లేత్:
కీ పై ముఖం మాత్రమే ఫైల్ చేయండి, పక్క ముఖాలు ముట్టుకోవద్దు, పక్కలు గాడిలో బిగుతుగా ఉండాలి. పైన సన్నటి సందు ఉండాలి. తర్వాత కీ లేకుండా వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ రాసి ప్రొపెల్లర్‌ని టేపర్ మీద ముందుకూ వెనక్కూ తిప్పుతూ అరగదీయండి, బ్లూ చుట్టూ సమానంగా అంటే దాకా. పేస్ట్ ఒక్క చుక్క కూడా మిగలకుండా కిరోసిన్‌తో కడగండి. చివరిగా కీ పెట్టి ఎక్కించి, గీత అదే చోట వచ్చిందని చూసుకున్నాకే నట్టు బిగించండి. స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి.

బందరు_డీజిల్:
ఒడ్డు మీదే ఉన్నారు కాబట్టి రెక్క కొసకీ బోటు అడుగుకీ మధ్య సందు కూడా కొలుచుకోండి. ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం పదో వంతు ఉండాలి, 15 శాతం ఉంటే ఇంకా హాయి. 17 అంగుళాలకి రెండున్నర అంగుళాలు ఉంటే బాగుంటుంది. అలాగే చుక్కానిని పట్టుకుని పక్కకి ఊపి చూడండి, దాని బుష్ వదులుగా ఉంటే స్టీరింగ్‌లో వేరే వణుకు వస్తుంది, తర్వాత దాన్నీ ప్రొపెల్లర్ మీదే వేస్తారు.

భవానీపురం_రేవు:
సందు రెండుం పావు అంగుళం ఉంది అన్నా, చుక్కాని గట్టిగానే ఉంది. కొత్త కట్‌లెస్ బేరింగ్ వేశాం, కీ ఫైల్ చేసి పేస్ట్‌తో అరగదీశాం, గీత మీద గీత వచ్చింది. నీళ్ళలోకి దించి రెండు రోజులు ఆగి కప్లింగ్ మళ్ళీ చూస్తే 9 థౌకి మారింది, 3కి తెచ్చి బిగించాం.

నిన్న సాయంత్రం ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళి వచ్చాం. 1800 దగ్గర అదురు లేదు. యాప్‌లో 15 దగ్గర చిన్న బుడిపె మాత్రమే ఉంది, పాతదాంట్లో పదో వంతు కూడా ఉండదు. వెనక సీట్లో మా అమ్మని కూర్చోబెట్టాం, దారంతా నిద్రపోయింది. 2300 దగ్గర మాత్రం సన్నటి గుంయ్ మనే కంపనం కాళ్ళకి తెలుస్తోంది, ఇది ఏమిటి?

గుంటూరు_స్పిన్నింగ్:
షాఫ్ట్ 1150, మూడు రెక్కలకి క్షణానికి 57 పైన. ఫోన్ పట్టుకోలేని చోటు. కాళ్ళకి గుంయ్ మని తెలుస్తోందంటే రెక్కలు నీటిని కొట్టే అదురే అయ్యుండాలి, మీ సందు రెండుం పావే కాబట్టి కొంచెం ఉండటం సహజం. 2300 దగ్గరే నడపాల్సిన పని లేకపోతే దాన్ని వదిలేయొచ్చు. పెరుగుతూ పోతే మాత్రం చెప్పండి, మా మిల్లు మీటర్ తీసుకుని నేనే వస్తాను, ఒక రోజు సెలవు పెట్టి.

సరంగు_బాబాయ్:
గ్లాండు చూసుకో బాబూ. నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి, పూర్తిగా ఆపేలా బిగిస్తే ప్యాకింగ్ కాలిపోయి షాఫ్ట్ మీద గాడి పడుతుంది. ఇన్నాళ్ళు షాఫ్ట్ ఊగింది కాబట్టి పాత ప్యాకింగ్ చుట్టూ పెద్దదైపోయి ఉంటుంది, మార్చేయి. జనాన్ని ఎక్కించే ముందు ఒట్టి బోటుతో కొన్ని గంటలు నడిపి, కప్లింగ్ బోల్టులు, ప్రొపెల్లర్ నట్టు ఒకసారి చూడు. కొత్త రబ్బర్లు ఇంకా దిగుతాయి, నెల తర్వాత ఫిల్లర్ గేజ్ మళ్ళీ పెట్టు.

తాడేపల్లి_చేపలవేట:
బాబాయ్, నా సంగతి కూడా చెబుతున్నాను. పెయింట్ గీత రెండు అంగుళాలు జరిగిపోయింది. ప్రొపెల్లర్ తీస్తే వెనక నైలాన్ దారం ఉండలా చుట్టుకుని ఉంది, ఆయిల్ పాలలా వచ్చింది, ఇనుప చెక్కలు మాత్రం లేవు. సీలు మార్పించి ఆయిల్ కొత్తది పోయించాను, బుష్ ప్రెస్ చేయడానికి ఇచ్చాను. ఆటోనగర్‌లో కొత్త బుష్ నొక్కే ప్రెస్ మీ దగ్గర ఉందా లేత్ అన్నా? ఇక్కడ ఇచ్చినతను వారం అంటున్నాడు.

ఆటోనగర్_లేత్:
ఉంది, హైడ్రాలిక్ ప్రెస్సే. బుష్ నంబర్ మీద ఉన్న అంకెలు ఫోటో తీసి పంపండి, సైజు కుదిరితే పొద్దున ఇస్తే సాయంత్రానికి తీసుకెళ్ళొచ్చు.